ఎగిరే పళ్ళెం గారికి విశాఖ శ్రోత విన్నపం

మహారాజశ్రీ ఎగిరే పళ్ళెం గారి సముఖానికి,

విశాఖపట్నం బీచ్ రోడ్డులో రోజూ పొద్దున్నే నడిచే ఒక శ్రోత వ్రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

తమరు వేంచేసిన సైన్స్ ఫిక్షన్ శ్రవ్య నాటకాన్ని నిన్న నడుస్తూ విన్నాను. ఏదో విదేశపు సముద్రతీర పట్టణం, పొగమంచు, లైట్‌హౌస్, ఒక ముసలి జాలరి. మూడో నిమిషంలో కుయ్‌య్‌మంటూ దిగారు. దిగారని ఎలా తెలిసింది? ముసలాయన చెప్పాడు. "అదిగో, గుండ్రంగా ఉంది! వెండిలా మెరుస్తోంది! అయ్యో, పక్కన తలుపు తెరుచుకుంటోంది! ఎవరో దిగుతున్నారు, మూడు కాళ్ళు!" ప్రాణం మీదికి వచ్చినవాడెవడైనా అలా మాట్లాడతాడా? స్థలం రిజిస్ట్రేషనుకు హద్దులు రాయించినట్టు, తూర్పున వెలుగు, పడమరన పొగ, ఉత్తరాన మూడు కాళ్ళు! శ్రోతకు కళ్ళు లేవు కాబట్టి పాత్రలకు నోరెక్కువ. రేడియో నాటకం పుట్టినప్పటి నుంచీ ఉన్న రోగమే లెండి, తమరి తప్పు కాదు.

తమరి మీద నా ఫిర్యాదు వేరు. మా ఊరికి ఎందుకు రారు? సముద్రం లేదా? డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ లేదా? ఆకాశం నుంచి మాటలు రావడం మాకు కొత్త కూడా కాదు. 1963 నుంచి మా ఊళ్ళో కేంద్రం పెట్టుకుని మరీ వింటున్నాం. దాని పేరే ఆకాశవాణి.

పైగా తమరికి మేం చేసిన ఉపకారం ఒకటుంది. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికా పైలట్ మౌంట్ రెయినియర్ దగ్గర తొమ్మిది వింత వస్తువులు ఎగరడం చూశానన్నాడు. నీటి మీదికి విసిరిన సాసరు తుళ్ళుతూ పోయినట్టు పోయాయని వాటి నడకను వర్ణించాడు. పత్రికలవాళ్ళు నడకను వదిలేసి సాసరును పట్టుకుని 'ఫ్లయింగ్ సాసర్' అన్నారు. అక్కడ తమరు టీ ఊదుకుని తాగే సాసరే. తెలుగులోకి వచ్చాకే అన్నం తినే పళ్ళెమయ్యారు. ఇంత పదోన్నతి ఇచ్చినవాళ్ళ గడప తొక్కకపోవడం మర్యాదేనా?

మేం భయపడమని సంకోచమా? ఆ మాట నిజమే. 1938 అక్టోబరు 30 రాత్రి ఆర్సన్ వెల్స్ నాటక బృందం అమెరికా రేడియోలో, వార్తల్లా వినిపించే నాటకంలో అంగారకులను దింపితే, దేశం దేశమే వీధుల్లోకి పరుగెత్తిందని మర్నాడు పత్రికలు రాశాయి. అంత పరుగేమీ లేదని, రేడియో మీద కడుపుమంటతో పత్రికలు ఉప్పూకారం దట్టించాయని తర్వాతి పరిశోధకులు తేల్చారు. మా దగ్గర మాత్రం పరుగుకు లోటుండదు. 2020 అక్టోబరు వాయుగుండంలో ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి వచ్చి పడింది. జనం పరుగెత్తారు, ఓడ వైపు. ఎవరూ నోరెత్తి వర్ణించలేదు. ఫోన్లు ఎత్తారు, వీపు ఓడకు తిప్పి. దాన్ని హోటలుగా మార్చే ప్రణాళిక కూడా పుట్టింది. ఆ దృశ్యాన్ని శ్రవ్య నాటకంగా తీస్తే అరగంట నిశ్శబ్దం, నడుమ నడుమ "కొంచెం పక్కకు జరగండి" తప్ప ఏమీ వినిపించదు.

తమరు దిగాక ఏమవుతుందో కూడా చెప్పేస్తాను, మళ్ళీ మోసం చేశామనకండి. ఐఎన్ఎస్ కురుసుర అని 91 మీటర్ల జలాంతర్గామి ఉండేది. 31 ఏళ్ళు నౌకాదళంలో కొలువు చేసి 2001లో పదవీ విరమణ పొందింది. ఇసుక మీదికి లాగి, 2002లో టిక్కెట్టు పెట్టేశాం. రోడ్డుకు అవతల 2017లో టీయూ 142 విమానాన్ని తెచ్చి నిలబెట్టాం. ఆ విమానం ఉద్యోగం ఏమిటో తెలుసా? సముద్రంలో దాక్కున్న జలాంతర్గాములను వేటాడడం. ఇప్పుడు వేటాడేదీ వేటాడబడేదీ రోడ్డుకు చెరోవైపు పింఛనుదారుల్లా ఎదురెదురుగా కూర్చుని బడిపిల్లల్ని లెక్కపెట్టుకుంటున్నాయి. తమరికీ వాటి పక్కనే ఒక స్థలం చూసి ఉంచాను. మొదటి వారం గుంపులు, రెండో వారం ఇనుప కంచె, మూడో వారం కౌంటరు. కెమెరాకు విడిగా రుసుము.

వచ్చేదుంటే తెల్లవారుజామున రండి. బీచ్ రోడ్డులో నడిచేవాళ్ళ కోసం బళ్ళను ఆపేస్తారు, దిగడానికి చోటుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో తమరి నాటకానికి ప్రాణమైన జాలరి ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఉంటాడు. తలెత్తి చూసినా ఒక్క క్షణమే. తమరి వెలుగు కంటే వలలో తెగిన కన్ను అతనికి ముఖ్యం. హద్దులు మాత్రం చెప్పడు.

ఇంకొక్క మనవి. ఆ చప్పుళ్ళు మార్పించండి. రేడియో నాటకంలో సముద్రమంటే జల్లెడలో ఎండు బఠాణీలు దొర్లించడం పాత కిటుకు. నిన్నటి అలలు నాకు అచ్చంగా బఠాణీల్లాగే వినిపించాయి, అసలు సముద్రం పక్కనే ఘోషిస్తుంటే. ఆ బఠాణీలేవో మా మురీ (మరమరాల) మిక్చర్ బండి దగ్గర రికార్డు చేసుకోవచ్చు కదా. సాయంత్రం అయిదింటికి అతను స్టీలు డబ్బాలో మురీలు పోసి, ఉల్లి, టమాటా, వేరుశనగలు వేసి, నిమ్మచెక్క పిండి, గరిటెతో డబ్బా లోపలి అంచును టకటకటకమని కొడతాడు. ఆఖరి దెబ్బ కాస్త ఆగి పడుతుంది. ఆ ఒక్క దెబ్బకు నలుగురు తిరిగి చూస్తారు. తమరి కుయ్‌య్‌కు ఆ శక్తి లేదు.

తెల్లవారుజాము కుదరకపోతే సాయంత్రం అతని బండి పక్కనే దిగండి. నాటకాల్లో లాగా "ఎవరు మీరు? భూమి మీదికి ఎందుకొచ్చారు?" అని ఎవరూ వణకరు. అతను పొట్లం చుడుతూ, మూడు కాళ్ళనూ ఒకసారి కిందినుంచి పైకి చూసి, "ఎవరి తాలూకు?" అంటాడు. జవాబు సిద్ధం చేసుకుని రండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇయర్‌ఫోన్లు తీసేసిన శ్రోత