జాన్ వించెస్టర్ ప్రేమకు మూల్యం చెల్లించిందెవరు?

అమెరికన్ టెలివిజన్ ధారావాహిక ‘సూపర్‌నేచురల్’ 2005 సెప్టెంబరులో మొదలై 2020 నవంబరులో ముగిసింది. పదిహేను సీజన్లు, 327 ఎపిసోడ్లు సాగిన ఆ కథలో తండ్రి జాన్ వించెస్టర్‌గా జెఫ్రీ డీన్ మోర్గన్ కనిపించిన ఎపిసోడ్లు చాలా కొద్ది. రెండో సీజన్ తొలి ఎపిసోడ్‌లోనే ఆ పాత్ర చనిపోతుంది. అయినా ఆ ధారావాహిక అభిమానుల మధ్య నేటికీ తెగని తగాదాల్లో జాన్ తగాదా ఒకటి. భార్యను పోగొట్టుకుని, పిల్లల్ని బతికించుకోవడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క దారిని పట్టుకున్న మనిషిగా కొందరు అతన్ని చూస్తారు. పగ కోసం ఇద్దరు కొడుకుల బాల్యాన్ని బలిపెట్టిన తండ్రిగా మరికొందరు చూస్తారు. ఈ రెండు పక్షాలూ చివరికి పోట్లాడుకునేది జాన్‌కు పిల్లల మీద ప్రేమ ఉందా లేదా అన్న ప్రశ్న మీదే. నాకు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే వాదన దారి తప్పుతోందనిపిస్తుంది. ప్రేమ ఉందన్న సంగతిని కథ ఎన్నడూ దాచలేదు. ఆ ప్రేమకు మూల్యం ఎవరి చేత కట్టించారన్నదే అడగవలసిన మాట.

కథ తెలియనివారికి నాలుగు మాటలు. 1983 నవంబరు 2 రాత్రి, కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో, జాన్ భార్య మేరీ పసివాడి గదిలో ఒక పిశాచి చేతిలో హతమై మంటల్లో కాలిపోతుంది. చిన్నకొడుకు శామ్‌కు ఆ రోజుతో ఆరు నెలలు నిండాయి. పెద్దవాడు డీన్‌కు నాలుగేళ్లు. మంటల మధ్య జాన్ పసివాణ్ణి డీన్ చేతుల్లో పెట్టి, తమ్ముణ్ణి తీసుకుని బయటికి పరుగెత్తమంటాడు. కారు మెకానిక్‌గా బతుకుతున్న ఆ మాజీ మెరైన్ సైనికుడు అప్పటి నుంచి పిశాచాల వేటగాడవుతాడు. పిల్లలిద్దరూ మోటెల్ గదుల్లోనూ కారు వెనుక సీటులోనూ పెరుగుతారు. తండ్రి మాటకు వాళ్ల జవాబు ‘యెస్, సర్’.

జాన్‌ను వెనకేసుకొచ్చేవారికి ఉన్న బలమైన ఆధారం మొదటి ఎపిసోడ్‌లోనే దొరుకుతుంది. తొమ్మిదేళ్ల వయసులో అల్మారాలో ఏదో ఉందని భయపడితే నాన్న తన చేతికి తుపాకీ ఇచ్చాడని శామ్ ఫిర్యాదు చేస్తాడు. చీకటికి భయపడకు అని చెప్పవలసిన తండ్రి చేసే పనా అది అన్నది అతని బాధ. డీన్‌కు ఆ ఫిర్యాదే అర్థం కాదు. చీకట్లో నిజంగానే ఏముంటుందో తెలిసినవాడు భయపడొద్దని ఎలా చెబుతాడంటాడు. మన లోకంలో ఏ తండ్రైనా తొమ్మిదేళ్ల పిల్లవాడికి తుపాకీ ఇస్తే పోలీసులు ఇంటికి వస్తారు. ఆ లోకంలో మాత్రం అల్మారాలో నిజంగానే ఏదో ఉండవచ్చు. ఇదే ఈ ధారావాహికలోని చమత్కారం. ఊహాలోకమే జాన్ తరఫు వకీలుగా నిలబడుతుంది. అతని కాఠిన్యానికి ప్రతిసారీ ఒక దెయ్యం సాక్ష్యం చెబుతుంది.

అందుకే దెయ్యాల ప్రమేయం లేని సంఘటనలను విడిగా తీసి చూడాలి. అవి తక్కువేమీ కావు. మొదటి సీజన్‌లో డీన్ చావుబతుకుల్లో ఉన్నప్పుడు శామ్ తండ్రికి ఫోన్ చేసి సందేశం వదులుతాడు. తండ్రి రాడు. అంతకు ముందు, లారెన్స్‌లోని పాత ఇంటికి తిరిగి వెళ్లవలసి వచ్చినప్పుడు డీన్ ఏడుస్తూ ఫోన్ చేస్తాడు. తండ్రి ఆ ఊళ్లోనే ఉండి కూడా కొడుకులకు కనిపించడు. మూడో సీజన్‌లో చూపించిన 1991 క్రిస్మస్ రాత్రి ఇద్దరు పిల్లలు మోటెల్ గదిలో ఒంటరిగా ఎదురుచూస్తారు. నాన్నకోసం దాచిన తాయెత్తును చివరికి శామ్ అన్న మెడలో వేయిస్తాడు. తొమ్మిదో సీజన్‌లో తెలిసే సంగతి ఇంకా పచ్చిగా ఉంటుంది. తిండికని తండ్రి ఇచ్చి వెళ్లిన డబ్బును పేకాటలో పోగొట్టుకున్న పదహారేళ్ల డీన్, బ్రెడ్డూ పీనట్ బటరూ దొంగిలిస్తూ పట్టుబడతాడు. తండ్రి అతన్ని విడిపించుకోడు. రెండు నెలలు ఆ కుర్రవాడు బాలుర వసతి గృహంలో ఉంటాడు. ఈ ఉదంతాల్లో చీకట్లో దాక్కున్నది ఏ పిశాచీ కాదు.

అయితే అభిమానుల్లో జాన్ వ్యతిరేకులు చేసే పొరపాటు కూడా ఒకటుంది. ఇలాంటి ఉదంతాలను జాబితాగా పేర్చి, తండ్రిని దోషిగా నిలబెట్టి, అక్కడితో ఆగిపోతారు. జాన్ చేసిన అసలు పని ఆ జాబితాలో కనిపించదు, డీన్ ప్రవర్తనలో కనిపిస్తుంది. అగ్ని ప్రమాదం నాటి ఆజ్ఞ ఆ రాత్రితో ముగియలేదు. డీన్ ఆ తమ్ముణ్ణి ఇక ఎప్పటికీ కింద దించలేదు. మొదటి సీజన్‌లోని ఒక ఉదంతంలో, తమ్ముడికి కాపలా ఉండమని చెప్పి జాన్ వేటకు వెళితే, చిన్నపిల్లవాడైన డీన్ కాసేపు వీడియో గేమ్ ఆడుకోవడానికి గది దాటుతాడు. ఆ వ్యవధిలో శామ్ ప్రాణం మీదికి వస్తుంది. జాన్ సమయానికి వచ్చి కాపాడతాడు. ఆ తర్వాత తండ్రి తనను చూసే చూపు మారిపోయిందని డీన్ ఏళ్ల తరబడి మోస్తాడు. ఆ పూట తప్పు ఎవరిదన్న సందేహం అతనికి ఎప్పుడూ రాదు. పెద్దవాడివి, తమ్ముణ్ణి నువ్వే చూసుకోవాలన్న మాట వినకుండా పెరిగిన పెద్దకొడుకు తెలుగిళ్లలోనూ అరుదు కాబట్టి, ఈ బరువు మన ప్రేక్షకులకు వివరించి చెప్పనక్కరలేదు. కాకపోతే మన ఇళ్లలో ఆ మాటకు అమ్మమ్మో, బాబాయో, పక్కింటి పిన్నిగారో కొంత ఆసరా ఉంటారు. డీన్‌కు ఉన్నది మోటెల్ గది తలుపు గడియ.

జాన్ పాత్రను అర్థం చేసుకోవడానికి నాకు అన్నిటికన్నా విలువైనది 2006 సెప్టెంబరులో ప్రసారమైన రెండో సీజన్ తొలి ఎపిసోడ్‌లోని ఆసుపత్రి సన్నివేశం. మరణశయ్య మీదున్న డీన్‌ను బతికించడానికి జాన్ తన ఆత్మను పిశాచికి ఇచ్చేస్తాడు. చనిపోయే ముందు కొడుకు దగ్గరికి వచ్చి, వేట నుంచి తాను చితికిపోయి వచ్చిన రాత్రుల్లో చిన్నవాడైన డీనే తన భుజం మీద చెయ్యి వేసి ఓదార్చేవాడని, ఆ మాటలు తాను చెప్పవలసినవని, కొడుకు భుజాల మీద మోయలేనంత పెట్టానని ఒప్పుకుంటాడు. ఇంతకన్నా నిజాయితీగల క్షమాపణ ఆ కథలో మరొకటి లేదు. వెంటనే వంగి డీన్ చెవిలో ఏదో చెబుతాడు. ఆ మాట ఏమిటో ప్రేక్షకులకు ఆ సీజన్‌లోనే తర్వాత తెలుస్తుంది. శామ్‌ను కాపాడాలి, కాపాడలేకపోతే చంపాలి. బరువు మోపినందుకు మన్నించమని అడిగిన నోటితోనే, నిమిషం తిరగకుండా, అంతవరకూ మోపిన వాటన్నిటినీ మించిన బరువు మోపాడు. ఈ సన్నివేశంలో ప్రేమ అబద్ధం కాదు, పశ్చాత్తాపం నటన కాదు. అయినా చెల్లింపు మళ్లీ డీన్ ఖాతాలోనే పడింది. మంచి తండ్రా చెడ్డ తండ్రా అన్న ముద్ర వేయడానికి తొందరపడేవారు సాధారణంగా సగం సన్నివేశాన్నే గుర్తు చేసుకుంటారు. ఒకరు ఆత్మత్యాగాన్ని, మరొకరు గుసగుసను.

డీన్‌కు ఈ లెక్క అర్థం కావడానికి మరికొంత కాలం పడుతుంది. మూడో సీజన్‌లో ఒక కలలో తన ప్రతిరూపం నాన్న మాటలతోనే తనను ఎత్తిపొడిచినప్పుడు, శామ్‌ను కాపాడాలన్నది నాన్న నెత్తిన ఉండవలసిన భారమనీ, కుటుంబాన్ని కాపాడుకోలేకపోయింది తాను కాదు నాన్ననీ గట్టిగా అరుస్తాడు. అదీ కలలోనే. మెలకువలో అతను నాన్న తోలు జాకెట్ వేసుకుని, నాన్న ఇచ్చిన 1967 ఇంపాలా కారునే నడుపుతూ ఉంటాడు.

కుటుంబ స్నేహితుడైన ముసలి వేటగాడు బాబీ సింగర్ పాత్రను ఇక్కడ తలచుకోవాలి. ఏడో సీజన్‌లో అతని జ్ఞాపకాల్లో ఒక చిన్న దృశ్యం వస్తుంది. తుపాకీ సాధన చేయించమని జాన్ అప్పగించి వెళ్లిన డీన్‌ను బాబీ బంతాట ఆడుకోవడానికి తీసుకెళతాడు. అంటే అదే లోకంలో, అవే పిశాచాల మధ్య, పిల్లవాణ్ణి ఒక పూట పిల్లవాడిగా ఉండనివ్వడం సాధ్యమేనన్నమాట. జాన్ వకీలుకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు. నాలుగో సీజన్‌లో బయటపడిన మూడో కొడుకు ఆడమ్‌తో జాన్ బేస్‌బాల్ ఆటకు వెళ్లి తీయించుకున్న ఫొటో చూసినప్పుడు డీన్ ముఖంలో కనిపించేది కూడా అదే. మామూలు తండ్రిగా ఉండడం జాన్‌కు చేతకాక కాదు.

జాన్ తండ్రి హెన్రీ 1958లో మాయమై కొడుకును అనాథలా వదిలేశాడన్న సంగతీ, జాన్‌, మేరీల పెళ్లి వెనుక స్వర్గం పన్నాగం ఉందన్న సంగతీ తర్వాతి సీజన్లలో వస్తాయి. అవి జాలి పుట్టిస్తాయి గానీ లెక్కను మార్చవు.

అభిమానులను నిజంగా చీల్చింది 2019 ఫిబ్రవరి 7న ప్రసారమైన మూడువందలవ ఎపిసోడ్. డీన్ కోరిక ఫలితంగా 2003 నాటి జాన్ వర్తమానంలోకి వచ్చిపడతాడు. కొడుకులిద్దరితో, తిరిగి బతికిన మేరీతో కలిసి ఒక పూట భోజనం చేస్తాడు. శామ్‌కు క్షమాపణ చెబుతాడు. నీకంటూ ఒక కుటుంబం ఏర్పడుతుందనుకున్నానని డీన్‌తో అంటే, నాకు కుటుంబం ఉందని డీన్ జవాబిస్తాడు. నటన గొప్పది, కన్నీళ్లు వచ్చిన మాటా నిజం. కానీ రాజీ కుదిరిన ఆ భోజనాల బల్ల దగ్గర పీనట్ బటర్ దొంగతనం ప్రస్తావన లేదు, ఆసుపత్రి గుసగుస ప్రస్తావన లేదు. ఆ ఎపిసోడ్ కొడుకులకు తండ్రిని ఇచ్చింది, తండ్రి చేత ఏ లెక్కా చెప్పించలేదు. కొడుకులు క్షమించడం వాళ్ల హక్కు. వాళ్లు క్షమించారు కాబట్టి మనమూ మరిచిపోవాలని రచయితలు ఆశించినట్టుండటమే నాకు మింగుడుపడలేదు.

చివరి ఎపిసోడ్‌లో డీన్ చనిపోయాక శామ్ ఒక కొడుకుకు తండ్రవుతాడు. వాడికి డీన్ అనే పేరు పెట్టి, పెరట్లో వాడితో బంతాట ఆడతాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై తండ్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు, వేటగాళ్లు పిశాచం ఒంట్లోకి చొరబడకుండా పొడిపించుకునే పచ్చబొట్టు అతని చేతి మీద ఉంటుంది.