ఏథెన్స్ స్వర్ణం అమెరికా వదిలేసింది కాదు, అర్జెంటీనా గెలుచుకున్నది

ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్ మాట వచ్చినప్పుడల్లా ఒక వాదన మళ్లీ మళ్లీ తిరుగుతూ కనిపిస్తుంది. 2004 ఏథెన్స్‌కు అమెరికా ద్వితీయ శ్రేణి జట్టును పంపింది కాబట్టే అర్జెంటీనాకు స్వర్ణం దక్కిందట. అర్జెంటీనా జట్టు నాయక తార మాను జినోబిలీ అమెరికా వృత్తి లీగ్ అయిన ఎన్‌బీఏలో బెంచి మీంచి వచ్చే ఆటగాడేనట. అతన్ని మలిచింది అక్కడి శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టట. ఆ ఒక్క పతకం తప్ప దేశానికి అతను తెచ్చిపెట్టిందేమీ లేదట. వేల మంది నమ్మి పంచుతున్న ఈ మాటల్లో ఒక్కటీ పూర్తిగా పరీక్షకు నిలవదు.

ముందు స్పర్స్ సంగతి. దీనికి తేదీలు చూస్తే చాలు. 1999 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) స్పర్స్ అతన్ని 57వ స్థానంలో, అంటే దాదాపు అందరూ అయిపోయాక, ఎంచుకున్నారు. ఆ తర్వాత కూడా అతను మూడేళ్లు ఇటలీలోనే ఆడాడు. 2001లో అతని ఇటలీ క్లబ్ కిండర్ బొలోన్యా యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోలీగ్ గెలిచినప్పుడు ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. అదే ఏడాది అమెరికా ఖండాల టోర్నీలో అర్జెంటీనా విజేత, అక్కడా ఆ గౌరవం అతనిదే. స్పర్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడింది 2002 చివర్లో. స్పర్స్ కోచ్ పోపోవిచ్ దగ్గర అతను నేర్చుకున్నది చాలా ఉంది, అది కాదనలేం. కానీ ఆయన చేతికి వచ్చేసరికే అతను యూరప్ ఛాంపియన్.

అమెరికా 'బి టీమ్' వాదన దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. అమెరికా అగ్ర తారలు షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కెవిన్ గార్నెట్ ఏథెన్స్‌కు రాలేదు. అంతకు ముందు ఏడాది అర్హత టోర్నీ ఆడిన పన్నెండు మందిలో ముగ్గురే మిగిలారు. జట్టు కుదురుకునే సమయం లేదు. ఇదంతా ఒప్పుకుందాం. అయితే వచ్చినవాళ్లెవరు? 2002, 2003 సంవత్సరాల్లో ఎన్‌బీఏ ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) టిమ్ డంకన్. 2001 ఎంవీపీ అలెన్ ఐవర్సన్. అప్పుడే తొలి సీజన్ ముగించిన లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, కార్మెలో ఆంథొనీ. ఇది ద్వితీయ శ్రేణి అయితే మొదటి శ్రేణికి అర్థమేమిటి?

అంతకంటే బలమైన సమాధానం రెండేళ్లు వెనక్కి వెళితే దొరుకుతుంది. 2002 ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది అమెరికా గడ్డ మీదే, ఇండియానాపోలిస్‌లో. 1992లో ఎన్‌బీఏ ఆటగాళ్లను పంపడం మొదలుపెట్టాక అమెరికా అప్పటికి వరసగా 58 మ్యాచ్‌లు గెలిచింది. సెప్టెంబర్ 4న అర్జెంటీనా 87–80తో ఆ పరంపరను తెంచింది. ఆ టోర్నీ ఫైనల్లో యుగోస్లావియా చేతిలో అదనపు సమయంలో ఓడిపోయింది. సెమీఫైనల్లో జినోబిలీ చీలమండ బెణకడంతో ఫైనల్లో అతను ఆడింది చాలా తక్కువ. ఏథెన్స్ ఫలితం ఆకాశం నుంచి ఊడిపడినట్టు మాట్లాడేవాళ్లు ఈ రెండేళ్లను మింగేస్తున్నారు.

ఏథెన్స్‌లో తొలి మ్యాచ్ సెర్బియా మాంటెనెగ్రోతో, అంటే రెండేళ్ల క్రితం యుగోస్లావియా పేరుతో ఫైనల్లో ఓడించిన జట్టుతోనే. చివరి క్షణంలో సహచరుడు మోంటెక్కియా అందించిన బంతిని పడిపోతూ బోర్డుకు తగిలించి వేశాడు జినోబిలీ: 83–82. సెమీఫైనల్లో అమెరికాపై 89–81. అందులో అతనివి 29 పాయింట్లు. ఆ మ్యాచ్ మళ్లీ చూడండి. రక్షణ వెనక నుంచి బుట్ట కిందకు దూసుకెళ్లే మనిషికి క్షణం ఆలస్యం లేకుండా బంతి అందుతుంది. పేపె సాంచెజ్, మోంటెక్కియా, జినోబిలీ ముగ్గురిదీ అర్జెంటీనాలోని బాయా బ్లాంకా ఊరే. స్కోలా, నోసియోని, ఒబెర్తో కూడా ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లు. కోచ్ రూబెన్ మన్యానో జట్టు గెలిచింది ఆ అవగాహనతో. ఫైనల్‌కు ఒబెర్తో చేతి గాయంతో దూరమైనా ఇటలీపై 84–69. ఇటలీ అంతకు ముందు గ్రూప్ దశలో వాళ్లను ఓడించింది, స్పెయిన్ కూడా ఓడించింది. కాబట్టి ఆ దారి సాఫీగా ఏమీ లేదు. టోర్నీ అత్యుత్తమ ఆటగాడు జినోబిలీ.

బెంచి ఆటగాడన్న ఎత్తిపొడుపు నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపిస్తుంది. జట్టు కూర్పు కోసం అంత స్థాయివాడు తొలి అయిదుగురిలో స్థానం వదులుకోవడం లోపమెలా అవుతుంది? ఆ పాత్రలోనే 2008లో ఎన్‌బీఏ ఉత్తమ ఆరో ఆటగాడు (బెంచి మీంచి వచ్చేవాళ్లలో మేటి) అయ్యాడు. నాలుగు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచాడు.

ఇక ఒక్క పతకమేనన్న మాట. 2002లో రజతం, 2004లో స్వర్ణం, 2008 బీజింగ్‌లో కాంస్యం. 2006 ప్రపంచ పోటీల సెమీస్‌లో స్పెయిన్ చేతిలో ఒకే ఒక్క పాయింట్ తేడాతో, 75–74తో ఓడి నాలుగో స్థానం. 2012 లండన్‌లో మళ్లీ నాలుగో స్థానం. అప్పటికి అతనికి 35 ఏళ్లు. బీజింగ్ ప్రారంభోత్సవంలో అర్జెంటీనా జెండా పట్టుకుని నడిచింది అతనే. బీజింగ్ సెమీఫైనల్లోనూ చీలమండ మోసం చేసింది. 2014 ప్రపంచకప్‌కు రాకపోవడాన్ని ఎత్తిచూపుతారు కొందరు. కాలి ఎముకలో చీలిక ఉందని స్పర్స్ అనుమతివ్వలేదు. రెండేళ్ల తర్వాత 39 ఏళ్ల వయసులో రియోకు వెళ్లాడు. క్వార్టర్ ఫైనల్లో అమెరికా చేతిలో 105–78తో ఓడాకే దేశపు జెర్సీ వదిలాడు.