స్కూటర్ లాగా వంచి చూడన్నా!

మొన్న ఆదివారం సంగతి. కుడి భుజం ఇంకా లాగుతూనే ఉంది కాబట్టి గబగబా చెప్పేస్తాను. నాకో చిన్న తెరచాప పడవ ఉంది, సెకండ్‌హ్యాండ్‌ది. హుస్సేన్ సాగర్‌లో గాలి ఒక్కోసారి సాయంత్రానికి చెప్పాపెట్టకుండా పడిపోతుంది. పోయిన నెల అలాగే పడిపోతే తెడ్డు వేసుకుంటూ చీకటి పడ్డాక ఒడ్డు చేరాను. "మోటారు ఒకటి కొని పడేయరాదా" అంది మా ఆవిడ. కొని పడేశాను. 2.5 హార్స్‌పవర్, ఫోర్ స్ట్రోక్, 14 కిలోలు. పడవ వెనక చెక్కకి బిగించి, తాడు లాగి స్టార్ట్ చేయాలి. లీటరు పెట్రోలు పట్టే బుల్లి ట్యాంకు దాని నెత్తినే ఉంటుంది.

షాపు కుర్రాడు నీళ్ళ డ్రమ్ములో పెట్టి రెండు నిమిషాలు నడిపి చూపించాడు. "సూపర్ స్మూత్ సార్!" బిల్లులో ఆ రెండు నిమిషాలకి డెమో ఛార్జీ అని వేరే లైను. దాని సంగతి తర్వాత.

బామ్మర్దిని ఎక్కించుకుని బయల్దేరాను. బుద్ధుడి విగ్రహం దగ్గరిదాకా బ్రహ్మాండంగా వెళ్ళి, అక్కడ ఆగిపోయింది. కాసేపాగి లాగితే స్టార్టయింది. నిమిషం తిరిగి మళ్ళీ ఆగింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే టైఫాయిడ్ లాగా ఇదే వరస. (ఈ చెరువులో బుద్ధుడంతటివాడికే ప్రయాణం సాఫీగా సాగలేదు. 1990లో తరలిస్తుంటే విగ్రహం నీళ్ళలోకి జారిపోయింది, 1992 డిసెంబరుకి గానీ చెరువు మధ్యలోని రాతి మీద నిలబడలేదు. ఆ ప్రమాదంలో మనుషులు పోయారు కాబట్టి దాని మీద జోకులు వేయను.)

"ఎర్ర క్లిప్పు పెట్టావా బావా?" (అది పెట్టకపోతే మోటారు స్టార్టవదు.) పెట్టాను. "చోక్?" లాగాను. "పెట్రోలు?" మూతి దాకా ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాం. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పమంది. బండి కాదమ్మా, పడవ మోటారు, చెరువు మధ్యలో ఉన్నాం అన్నాను. "సరే సార్, సున్నా అని రాసుకుంటున్నాను" అంది.

సరిగ్గా అప్పుడే లుంబినీ పార్కు వైపు నుంచి టూరిస్టు బోటు వచ్చింది. నిండా జనం. బుద్ధుణ్ణి చూడ్డానికి టికెట్టు కొన్నవాళ్ళంతా ఒక్కసారి ఇటు తిరిగి మమ్మల్ని చూడటం మొదలుపెట్టారు. నేను తాడు లాగుతుంటే ఒక పిల్లాడు పైకే లెక్కపెడుతున్నాడు. పదిహేడు దగ్గర వాడికే జాలేసి ఆపేశాడు. అంతలో పై డెక్కు మీంచి ఒకాయన అరిచాడు: "స్కూటర్ లాగా వంచి చూడన్నా!"

ఈ మాట అర్థం కావాలంటే మీకు కనీసం నలభై ఏళ్ళుండాలి. పాత చేతక్ మొరాయిస్తే దాన్ని ఒక పక్కకి వంచి, కాసేపు అలాగే పట్టుకుని, నిలబెట్టి కిక్కు కొట్టేవాళ్ళం. ట్యాంకు అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ కార్బురేటర్‌లోకి దిగేవి. మా నాన్న స్కూటరుకైతే వంచేముందు ఒక దండం కూడా ఉండేది. కాబట్టి ఆ సలహా విని నాకు నవ్వు రాలేదు, నమ్మకం కలిగింది. ట్యాంకు నిండుగా ఉందన్న విషయం గుర్తుకు రాలేదు.

మోటారు వంచాను. ఫ్యాను నీళ్ళలోంచి పైకి లేచింది, దాని రెక్కకి గుర్రపుడెక్క ముక్కొకటి వేలాడుతోంది. దించి లాగాను. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు బామ్మర్ది, ఇంజనీరింగ్ చదివినవాడు, అన్నాడు కదా: "స్కూటర్లో ఇంజనొక్కటే వంచుతామా బావా? మొత్తం బండి వంచుతాం. పడవే వంచాలి."

వంచాం. ఇద్దరం ఒకే అంచు మీదికి చేరి, తెరకొయ్యకి కట్టిన తీగ పట్టుకుని వెనక్కి వాలాం. తెరచాప పడవ గాలికి వంగడం మామూలే. గాలి లేని సాయంత్రం, తెర దించేసిన పడవ, ఇద్దరు బట్టతలల బరువుకి వంగడం టూరిస్టు బోటు వాళ్ళెప్పుడూ చూసుండరు. "ఇంకొంచెం అంకుల్! ఇంకొంచెం!" నా ప్యాంటు వెనక భాగం హుస్సేన్ సాగర్‌ని తాకింది. ఆ నీళ్ళ వాసన గురించి హైదరాబాదీలకి చెప్పక్కర్లేదు.

కింది వరసలో అప్పటిదాకా పల్లీలు తింటున్న ఒకాయన, గొంతు కూడా పెంచకుండా అన్నాడు: "అన్నా, మూత మీద చిన్న స్క్రూ ఉంటది సూడు, అది వదులు జెయ్యి. మాది టెంట్‌హౌస్. మా జనరేటర్‌కి గూడ గిట్లనే ఉంటది. లోపటికి గాలి పోకుంటే పెట్రోల్ ఎట్ల దిగుతది?"

తిప్పాను. ట్యాంకు స్‌స్‌స్ అని ఊపిరి పీల్చుకుంది. ఒక్క లాగుకి స్టార్టు. చప్పట్లు.

నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె గుటుక్కు గుటుక్కుమని ఆగిపోతుంది, రెండోది పెడితే ధారగా వస్తుంది. మా ఇంట్లో ఆ రెండో చిల్లు పాతికేళ్ళుగా నేనే పెడుతున్నాను.

ఒడ్డుకి రాగానే షాపు కుర్రాడికి ఫోన్ చేశాను. కారులో పెట్రోలు ఒలక్కుండా ఆ స్క్రూ తనే బిగించాడట. మళ్ళీ వదులు చేయాలని చెప్పలేదేం నాయనా అంటే, "అది కామన్ సెన్స్ కదా సార్" అన్నాడు. మాన్యువల్‌లో ఉందట, బొమ్మతో సహా. ఉంది నిజమే. ఇంట్లో, అల్మరాలో, సీలు తీయని కవర్లో.

టూరిస్టు బోటు మీంచి ఎవరో తీసిన వీడియో ఎలా వచ్చిందో మా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చింది. మేమిద్దరం నీళ్ళ మీద వెల్లకిలా వాలి ఉన్నాం, వెనకాల బుద్ధుడు అభయముద్రలో చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. మా అత్తగారు చూసి, "కాస్త నడుం జాగ్రత్త బాబూ" అని మెసేజ్ పెట్టారు.

డెమో ఛార్జీ వాపసు ఇమ్మని సోమవారం అడిగాను. "చూస్తాం సార్" అన్నాడు. ఇవాళ గురువారం.