162 ఆటల్లో మొదటిదానికే ఎందుకంత మోజు?

2024లో చికాగో వైట్ సాక్స్ జట్టు 162 ఆటలు ఆడి 121 ఓడిపోయింది. 1900 తర్వాత అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒకే సీజన్‌లో ఇన్ని ఓటములు మూటగట్టుకున్న జట్టు ఇంకోటి లేదు. కొత్త మేనేజర్ వచ్చినా, మరుసటి ఏడాదికే జట్టు గట్టెక్కుతుందని నమ్మినవాళ్లు తక్కువ. అయినా 2025 మార్చి 27న, ఇంకా చలి వదలని చికాగోలో, జనం జాకెట్ల మీద జెర్సీలు తొడుక్కుని మొదటి ఆటకు బయల్దేరారు. ఆ రోజు వైట్ సాక్స్ ఏంజెల్స్ మీద 8-1తో గెలిచింది. సీజన్ ముగిసేసరికి మళ్లీ 102 ఓటములు. ఆ మొదటి రోజు వచ్చినవాళ్లెవరూ డబ్బులు దండగయ్యాయని అనుకుని ఉండరు.

ఓపెనింగ్ డే, అంటే బేస్‌బాల్ సీజన్ మొదలయ్యే రోజు, మీద అమెరికన్ల మమకారం గురించి టీవీ వ్యాఖ్యాతలు ఏటా ఒకే మాట చెబుతారు. ఆ రోజు 30 జట్లూ సున్నా దగ్గర సమానం, అందరికీ ఆశ ఉంటుంది, అందుకే సంబరమట. టికెట్లు అమ్మేవాళ్లకు పనికొచ్చే మాట ఇది. నాకైతే సగమే నిజమనిపిస్తుంది. ఆశే కారణమైతే వైట్ సాక్స్ స్టేడియం ఖాళీగా ఉండాలి. 2024లో కప్పు కొట్టి, 2025లోనూ కొట్టిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అభిమానులకు మొదటి ఆట పెద్ద విషయమే కాకూడదు. రెండూ జరగడం లేదు.

లెక్క చూసినా అంతే. 162లో ఒక ఆటంటే ఒక శాతం కూడా కాదు. దాన్నిబట్టి జోస్యం చెప్పినవాళ్లు చాలాసార్లు అభాసుపాలయ్యారు. 1994లో చికాగోలోని మరో జట్టు కబ్స్ ఆటగాడు టఫీ రోడ్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో సీజన్ తొలి రోజు, మొదటి మూడుసార్లు బ్యాటింగుకు వచ్చినప్పుడు మూడు హోమ్‌రన్లు (బంతిని మైదానం అవతలికి బాదే, మన సిక్సర్ లాంటి షాట్లు) కొట్టాడు. అదీ డ్వైట్ గుడెన్ లాంటి పేరున్న పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) మీద. ఊరంతా ఊగిపోయింది. ఆ ఏడాది మొత్తమ్మీద అతని హోమ్‌రన్లు ఎనిమిది. అన్నట్టు, ఆ తొలి ఆటలో కబ్స్ ఓడిపోయింది కూడా! రోడ్స్ తర్వాత జపాన్ వెళ్లి 2001లో ఒకే సీజన్‌లో 55 హోమ్‌రన్లు కొట్టి అక్కడి రికార్డును సమం చేశాడు. అంటే అతనిలో సత్తా లేక కాదు, ఒక్క రోజు ఆటకు అంతకు మించి చెప్పే శక్తి లేదంతే. దీనికి తిరగేసిన కథ వాషింగ్టన్ నేషనల్స్‌ది. 2019లో తొలి 50 ఆటల్లో 31 ఓడి, ఆ ఏడాదే విజేతను తేల్చే చివరి పోరు వరల్డ్ సిరీస్ గెలిచింది.

ఇది మనకు తెలియంది కాదు. 2025 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ తొలి మ్యాచ్‌లో ఉప్పల్‌లో 286 కొట్టింది, ఇషాన్ కిషన్ సెంచరీ చేశాడు. ఇక 300 కొట్టడమే తరువాయి అన్నారు. చివరికి ఆరో స్థానం. అయితే ఐపీఎల్ లీగ్ దశలో జట్టుకు 14 మ్యాచ్‌లే. మొదటిది పోతే అప్పుడే నెట్ రన్‌రేట్ లెక్కలు, టెన్షన్. బేస్‌బాల్‌లో మొదటిది పోతే ఇంకా 161 మిగిలి ఉంటాయి. ఫలితం ఇంత తేలికైనదైతే, ఆ రోజు మాత్రం ఎందుకంత బరువు?

నా అంచనా ఇది: అభిమాని ఆ రోజు పండగ చేసుకునేది గెలుపు గురించి కాదు. ఇక ఆరు నెలలపాటు దాదాపు ప్రతి సాయంత్రం ఆట ఉంటుందన్న భరోసా తిరిగొచ్చినందుకు. అమెరికన్ ఫుట్‌బాల్ వారానికొకసారి వచ్చే జాతర. బేస్‌బాల్ అలా కాదు, ఇంట్లో మనిషిలా రోజూ ఉంటుంది. వంట చేస్తూ ఒక చెవి అటు పారేయొచ్చు, ఆఫీసు నుంచి కారులో వస్తూ రేడియోలో వినొచ్చు, ఆటలోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో నాలుగు చూడకపోయినా కొంపలు మునగవు. విన్ స్కల్లీ ఒక్క డాడ్జర్స్ జట్టుకే 67 సీజన్లు వ్యాఖ్యానం చెప్పాడు. అంటే తాతా మనవళ్లు ఒకే గొంతు వింటూ పెరిగారు. ఆ గొంతు నవంబర్లో ఆగిపోయి, మళ్లీ మార్చి చివర్లో వినపడితే కలిగే సంతోషానికి స్కోరుతో పనిలేదు.

ఇందులో ఆ ఆగిపోవడం ముఖ్యం. వరల్డ్ సిరీస్ అయ్యాక బేస్‌బాల్ పూర్తిగా మూతపడుతుంది. ఫిబ్రవరి మధ్యలో పిచ్చర్లు, వాళ్ల బంతులు అందుకునే క్యాచర్లు అరిజోనా, ఫ్లోరిడాల్లోని శిక్షణ శిబిరాలకు చేరుకున్నారన్న వార్త వచ్చేదాకా ఏమీ ఉండదు. ఆట కూడా కాదు, కొందరు ఆటగాళ్లు బ్యాగులతో దిగారన్న కబురుకే అభిమానులు సంబరపడిపోతారు. మన క్రికెట్‌కు ఈ భాగ్యం లేదు. ఒక సిరీస్ అవుతుండగానే ఇంకోటి మొదలవుతుంది, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు. ఎప్పుడూ మూయని కొట్టుకు తెరిచే రోజంటూ ఏముంటుంది?

ఆ రోజును బాగా జరపడం తెలిసిన ఊరు సిన్సినాటీ. 1869లో అందరూ జీతానికి ఆడే జట్టును బాహాటంగా నిలబెట్టిన మొదటి నగరం అదే. ఆ గౌరవంతోనే అక్కడి రెడ్స్ జట్టు దాదాపు ఎప్పుడూ సొంత గడ్డ మీదే సీజన్ మొదలుపెడుతుంది. ఆ రోజు ఫిండ్లే మార్కెట్ నుంచి ఊరేగింపు బయల్దేరుతుంది. కూరగాయలు, మాంసం అమ్మే వర్తకుల ఈ సంప్రదాయం 1920 నాటిది. బడి బ్యాండ్లు, శకటాలు, పాత ఆటగాళ్లు, దారి పొడవునా ఎర్రచొక్కాలు. పనిరోజైనా ఊళ్లో పనులు జరగవు. 2014లో ఒక బీరు కంపెనీ, మాజీ ఆటగాడు ఓజీ స్మిత్ కలిసి ఓపెనింగ్ డేను దేశమంతటా సెలవు చేయాలని వైట్‌హౌస్‌కు అర్జీ పెడితే లక్షకు పైగా సంతకాలొచ్చాయి. అది కాంగ్రెస్ పని అని వైట్‌హౌస్ మర్యాదగా తప్పుకుంది. మంచిదే అయింది. సెలవిచ్చేస్తే ఆఫీసుకు ఎగనామం పెట్టి వెళ్లే సరదా పోతుంది.

స్టాండ్‌లో కూర్చున్న పాత తరం అభిమానిని గమనించండి. ఒళ్లో స్కోర్‌కార్డు, చేతిలో పెన్సిల్. ప్రతి ఆటగాడికీ వరసగా చిన్న గళ్లు. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేస్‌మన్‌కు, అతను మొదటి బేస్‌మన్‌కు విసిరి ఇద్దర్ని అవుట్ చేస్తే, గడిలో పడేది ఆ ముగ్గురి స్థానాలకున్న అంకెలు, 6-4-3. మూడు స్ట్రైకులు పడి అవుటైతే (స్ట్రైకవుట్) కె, బ్యాట్ కదపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. స్కోరు ఫోన్‌లో దొరుకుతుంది, ఎదురుగా పెద్ద తెరమీదా ఉంటుంది. అయినా రాస్తాడు. ఆ తొలి రోజు మొదలైన ఆ పుస్తకం సెప్టెంబర్‌కు నిండిపోతుంది.

తెలుగువాళ్లకు ఇంకో పోలిక తడుతుంది. ఓపెనింగ్ డే, ఉగాది తరచూ అటూఇటూగా పడతాయి. 2025లో గురువారం అదైతే, ఆదివారం ఇది. బేస్‌బాల్ విశ్లేషకులు సీజన్‌కు ముందు కంప్యూటర్లో వేలసార్లు సీజన్ ఆడించి, ఏ జట్టుకు ఎన్ని గెలుపులు, ప్లేఆఫ్ అవకాశం ఎంత శాతమో వదులుతారు. అచ్చం పంచాంగ శ్రవణమే. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగని విన్నాక కూడా మనం పచ్చడి తిని ఏడాది మొదలుపెడతాం కదా, వైట్ సాక్స్ అభిమాని చేసేదీ అంతే.

ఈ మమకారాన్ని లీగ్ పెద్దలు సరిగ్గా అర్థం చేసుకున్నారా అంటే నాకు అనుమానమే. 2024లో సీజన్ సియోల్‌లో, 2025లో టోక్యోలో మొదలైంది. టోక్యో ఆటలో ఇద్దరు స్టార్టింగ్ పిచ్చర్లూ జపాన్‌వాళ్లే కావడం అక్కడివాళ్లకు నిజంగా గొప్ప రోజు, దాన్ని కాదనను. కానీ అక్కడ ఆడిన డాడ్జర్స్ సొంత ఊరు లాస్ ఏంజెలెస్‌లో అప్పుడు తెల్లవారుజామున మూడు. రెండు ఆటలయ్యాక జట్లు అమెరికా తిరిగొచ్చి మళ్లీ ప్రాక్టీసు మ్యాచ్‌లు ఆడాయి. అంటే సీజన్ మొదలైందా, లేదా? విదేశీ ఆటలు ఎన్నయినా పెట్టుకోవచ్చు, మే నెలలో పెట్టుకోవచ్చు. తొలి రోజును ముక్కలు చేసి అమ్మడం మాత్రం నాకు నచ్చలేదు.

ఆ రోజు అసలే లేకుండా పోతే ఏమవుతుందో ఓక్లాండ్‌ను అడగాలి. 1968 నుంచి అక్కడ ఆడిన ఎథ్లెటిక్స్ జట్టును యజమాని లాస్ వేగస్‌కు తరలిస్తున్నాడు. కొత్త స్టేడియం తయారయ్యేదాకా శాక్రమెంటో పక్కన ఓ చిన్న మైదానంలో ఆడుతున్నారు. 2024 సెప్టెంబర్‌లో ఓక్లాండ్ కొలీజియంలో చివరి ఆట జరిగింది. 2025 జూన్‌లో అదే మైదానంలో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది. తొలి మ్యాచ్‌లోనే ఫిన్ అలెన్ 19 సిక్సర్లు బాదాడు. బే ఏరియాలోని మన ఐటీ కుటుంబాలకు సంబరమే, నాకూ అంతే. డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీ క్రికెట్ స్టేడియం కూడా ఒకప్పుడు బేస్‌బాల్ మైదానమే. కానీ 57 సీజన్లు చూసిన ఓక్లాండ్ అభిమానికి, మార్చి వస్తే వెళ్లడానికి సొంత ఊళ్లో చోటు లేదు. ఆ జట్టు అంతకుముందు కొన్నేళ్లుగా దారుణంగా ఓడుతున్నా అతను వస్తూనే ఉన్నాడు. ఓటములు అతన్ని దూరం చేయలేదు, ఆ పని యజమాని చేశాడు.

ఇప్పుడు ఇంకో గండం ఉంది. యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. జట్ల జీతాల ఖర్చు మీద గట్టి పరిమితి కావాలన్నది యజమానుల కోరిక, కుదరదన్నది సంఘం మాట. ఇలాంటి పేచీతోనే 2021 డిసెంబర్‌లో యజమానులు ఆటగాళ్లకు గేట్లు మూసేసి 99 రోజులు లాకౌట్ చేస్తే, 2022 ఓపెనింగ్ డే వారం వెనక్కి జరిగింది. 1994 సమ్మెకైతే వరల్డ్ సిరీసే రద్దయింది, తర్వాతి సీజన్ ఏప్రిల్ 25న గానీ మొదలుకాలేదు. ఆ ఏడాది సగటున ఆటకు వచ్చే జనం సుమారు 20 శాతం తగ్గారు. 121 ఓటములు భరించే అభిమాని కూడా మార్చిలో మూసిన గేటును క్షమించడని యజమానులకు అప్పుడే తెలిసొచ్చి ఉండాలి. బేరాలు ఎంత గట్టిగానైనా ఆడుకోనివ్వండి, అందుకు చలికాలం మొత్తం ఖాళీగానే ఉంది.