కెన్యా ఫైళ్లు కెన్యాకు పంపాలి

1961 మే 3న బ్రిటన్ వలసల మంత్రి ఇయాన్ మాక్లియాడ్ నుంచి ఒక ఆదేశం వెళ్లింది. తమ ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టే కాగితాలు, పోలీసులనూ సైనికులనూ ఇన్ఫార్మర్లనూ చిక్కుల్లో పడేసే కాగితాలు వలసల్లో స్వాతంత్ర్యం వచ్చాక ఏర్పడే ప్రభుత్వాల చేతికి దొరకకూడదన్నది దాని సారాంశం.

కెన్యాలో ఆ పని ఎంత పకడ్బందీగా సాగిందో చూస్తే గుండె మండుతుంది. కొత్త ప్రభుత్వానికి ఇవ్వదగ్గవి 'లెగసీ' ఫైళ్లు, దాచాల్సినవి 'వాచ్' ఫైళ్లు. 'వాచ్' ఫైళ్లను ఐరోపా సంతతి బ్రిటిష్ వాళ్లు తప్ప ఎవరూ ముట్టకూడదు. ఒక ఫైలు తీసేస్తే ఖాళీ కనబడకుండా ఆ చోట నకిలీ ఫైలు పెట్టాలి. తగలబెడితే బూడిదను కూడా చిదిమేయాలి. సముద్రంలో పడేస్తే బరువు కట్టిన పెట్టెల్లో పెట్టి, తీరానికి దూరంగా, ప్రవాహం లేని లోతుల్లో ముంచాలి. సొంత ఊళ్లోనే నిర్బంధ శిబిరాల్లో దెబ్బలు తిన్న మనుషుల చరిత్రను ఇంత శ్రద్ధగా చెరిపారు.

తగలబెట్టనివాటిని విమానాల్లో లండన్‌కు తరలించారు. ఒక్క కెన్యావే సుమారు 1,500 ఫైళ్లు. తిరిగివ్వమని కెన్యా 1967లోనే అడిగింది, బ్రిటన్ కుదరదంది. 1950లలో బ్రిటిష్ పాలనపై కెన్యాలో సాగిన మౌ మౌ తిరుగుబాటు నాటి చిత్రహింసలపై 2009లో కెన్యా వృద్ధులు లండన్ కోర్టుకెక్కాకే నిజం కదిలింది. 37 పూర్వ వలసలకు చెందిన దాదాపు 8,800 ఫైళ్లు ఇంగ్లండ్‌లో తమ విదేశాంగ శాఖ స్థావరమైన హాన్‌స్లోప్ పార్క్‌లో ఉన్నాయని బ్రిటన్ 2011లో ఒప్పుకుంది. 2013 జూన్‌లో 5,228 మందికి, ఖర్చులతో కలిపి 1.99 కోట్ల పౌండ్ల పరిహారం ఇస్తామని బ్రిటన్ ప్రకటించింది. అప్పటికే ఎందరో బాధితులు కన్నుమూశారు. ఆ కాగితాలు నైరోబీలోనే ఉండి ఉంటే ఎనభై ఏళ్లు పైబడ్డవాళ్లకు పరాయి దేశపు కోర్టు మెట్లెక్కే అవస్థ తప్పేదని మేము నమ్ముతున్నాం.

ఆ ఫైళ్లను లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో అందరికీ తెరిచాం కదా అని బ్రిటన్ అంటే మాకు ఒప్పుదల కాదు. నైరోబీలోని ఒక మనవరాలు తాత పేరు వెతుక్కోవడానికి వీసా, విమానం టికెట్ కొనుక్కోవాలా? స్కాన్ కాపీలు ఇస్తే సరిపోదు. అసలు ప్రతులనే కెన్యా నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగించాలి. వాటితోపాటు, ఫలానా ఫైలు ధ్వంసం చేశామంటూ అధికారులు లండన్‌కు పంపిన ధ్రువపత్రాల్లో మిగిలినవన్నీ ఇవ్వాలి. ఏమేం కాలిపోయాయో తెలుసుకోవడానికి కెన్యా ప్రజలకు ఇక మిగిలిన ఆధారం అదొక్కటే.