పెళ్లి పందిట్లో రాజీనామా లేఖ

డల్లాస్‌లో మా బంధువులబ్బాయి రిసెప్షన్. లైట్లు తగ్గించారు. కొత్త జంట మొదటి డాన్స్‌కి డీజే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పెట్టాడు. పెళ్లికొడుకు పెదాలు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు. పెళ్లికూతురు తన లెహంగా అతని బూటు కింద పడకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. అత్తగారు కళ్లొత్తుకున్నారు. నేనుంటే నీకు అడ్డం, అందుకే పోతున్నాను అని పాట మొదట్లోనే చెబుతోంది. ఎవరైనా వింటేగా! గుమ్మం దాటుతూ "వెళ్తాను" అంటే "వెళ్లొస్తాననాలి" అని మందలించే వాళ్లం, మూడు ముళ్లూ పడ్డ సాయంత్రమే ఈ పాటకి చప్పట్లు కొట్టాం.

అసలిది ప్రేమలేఖే కాదు, రాజీనామా లేఖ. దీన్ని రాసిన అమెరికన్ కంట్రీ గాయని డాలీ పార్టన్ 1967లో, మరో కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ నడిపే టీవీ షోలో చేరింది. ఐదేళ్లుంటానని మాటిచ్చి ఏడేళ్లు చేసింది. బాండ్ తీరినా వదలని బాసులు కంట్రీ సంగీతానికి పుట్టిల్లులాంటి నాష్‌విల్‌లోనూ ఉంటారన్నమాట. వెళ్తానన్నప్పుడల్లా గొడవే. ఇక వాదించి లాభం లేదని ఈ పాట రాసి, ఆఫీసుకెళ్లి ఆయన ఎదురుగానే పాడింది. ఆయన ఏడ్చేశాడు. సరే వెళ్లు, కానీ ఆ రికార్డు ప్రొడ్యూస్ చేసేది నేనే అన్నాడు. ఇలాంటి కౌంటర్ ఆఫర్ నేనెక్కడా చూడలేదు.

హైటెక్ సిటీ హెచ్చార్ వారికి నాదొక మనవి. ఇకపై రాజీనామాలన్నీ రాగం కట్టి ఇవ్వాలని రూల్ పెట్టండి. "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఈమెయిల్ కొడితే ఏ మేనేజర్‌కి కన్నీళ్లొస్తాయి? అయితే కన్నీళ్లని మరీ నమ్మకండి. పాట 1974లో కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది. 1979లో అదే పోర్టర్ ఆమె మీద సుమారు 30 లక్షల డాలర్లకి దావా వేశాడు. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ దగ్గర ఎవరి కళ్లైనా ఆరిపోతాయి. చివరికి కోర్టు బయటే రాజీ పడ్డారు.

మధ్యలో రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడతానన్నాడు. ఆయన మేనేజర్ పబ్లిషింగ్ హక్కుల్లో, అంటే పాట రాసినందుకు వచ్చే ఆదాయంలో, సగం రాసిమ్మన్నాడు. డాలీ రాత్రంతా ఏడ్చింది, కానీ ఇవ్వలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడితే అమెరికాలో 14 వారాలు నంబర్ వన్. హక్కులు మొత్తం డాలీవే. ఏడుస్తూ కూడా లెక్క తప్పని మనిషి.

ఇక అర్థం పట్టకుండా వాడుకున్నందుకు మా డీజేని ఒక్కణ్నీ అనడం అన్యాయం. 2002లో ఇరాక్ రెఫరెండంలో సద్దాం హుస్సేన్ ప్రచార గీతం ఇదే. పోతున్నానంటున్న పాట పెట్టుకుని, ఇంకో ఏడేళ్లు ఉంటానన్నాడాయన. నూటికి నూరు శాతం ఓట్లు పడ్డాయని ప్రకటించారు కూడా. ఆ పాటని అంతకంటే గట్టిగా వినకుండా ఉండటం ఎవరి తరం?

2007 మేలో నాష్‌విల్‌లోని పేరున్న కంట్రీ సంగీత వేదిక గ్రాండ్ ఓల్ ఆప్రీలో పోర్టర్ సభ్యత్వానికి యాభై ఏళ్ల పండగ చేశారు. డాలీ వచ్చి ఆ లేఖనే ఆయనకి మళ్లీ పాడి వినిపించింది. అక్టోబరులో ఆయన పోయాడు. 33 ఏళ్ల నోటీస్ పీరియడ్ ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలోనూ లేదు.