మైలుతుత్తం తాగిస్తే ఉన్నికి రంగు రాదు, గొర్రె చస్తది

ఈ వారంలో ఒక మెసేజ్ నాకు నలుగురు పంపారు, వాళ్ళలో ఇద్దరు మా కుర్మోళ్ళే, అదే బాధ. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల చిన్న గొర్రెల ఫొటోలు పెట్టి "మన నల్ల డెక్కనీ గొర్రెల్లో కూడా గోధుమ, వెండి రంగు ఉన్ని తెప్పించండి, కిలో వేలల్లో అమ్ముకోండి" అని కింద చిట్కాలు రాశారు.

మొదటిది, గోధుమ రంగు పొట్టేలును కడితే తొలి ఈతలోనే అన్నీ గోధుమ పిల్లలేనంట. కాదు. షెట్లాండ్‌లో ఆ రంగును మూరిట్ అంటారు, అది నలుపు కింద అణిగి ఉండే గుణం, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుద్ది. అచ్చమైన నల్ల గొర్రెలకు కడితే తొలి ఈతలో గోధుమది ఒక్కటీ పుట్టదు. ఆ ఆడపిల్లలు పెద్దయ్యాక ఇంకో గోధుమ పొట్టేలుకు కడితే సగం రావచ్చు. "ఇంకో" పొట్టేలు అన్నాను, గుర్తుపెట్టుకోండి, తండ్రికే కడితే మంద పాడవుద్ది.

చూడి గొర్రెకు నల్ల నువ్వులు పెడితే నల్ల పిల్ల అంట. పచ్చగడ్డి తిన్న గొర్రె పచ్చ పిల్లను ఈనిందా ఎప్పుడైనా?

అసలు నాకు కోపం తెప్పించింది మూడోది. "రోజూ తొట్టి నీళ్ళలో చెంచా మైలుతుత్తం కలపండి, ఉన్ని మెరుస్తది, రంగు తేలుద్ది." ఇది రాసినాయన ఎప్పుడైనా మంద వెనక నడిచాడా? మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు, అందులో నాలుగో వంతు రాగి. చెంచా అంటే ఐదు గ్రాములు అనుకుందాం, 20 గొర్రెలు తాగినా ఒక్కోదానికి రోజుకు 60 మిల్లీగ్రాముల రాగి పోతుంది, దానికి కావాల్సింది కిలో మేతకు 5 నుంచి 10 మిల్లీగ్రాములే. ఆవు తట్టుకున్నట్టు గొర్రె తట్టుకోలేదు, ఎక్కువైన రాగిని బయటికి పంపలేక కాలేయంలో దాచుకుంటూ పోతుంది, వారాలు, నెలలు ఏమీ తెలీదు, మేస్తది, తిరుగుద్ది, చూసేవాడికి మందు పనిచేస్తున్నట్టే ఉంటది. ఒకరోజు లారీ ఎక్కించినప్పుడో, ఉన్ని కత్తిరించినప్పుడో, కుక్కలు తరిమినప్పుడో ఆ రాగంతా ఒక్కసారి రక్తంలోకి దిగి ఎర్రకణాలు పగిలిపోతాయి. కళ్ళు పచ్చబడతాయి, ఉచ్చ పాలు కలపని టీ రంగులో వస్తది, ఒకటి రెండు రోజుల్లో చస్తది. మా పక్క ఊళ్ళో గిట్టల కుళ్ళుకు మైలుతుత్తం కలిపిన నీళ్ళు అట్లనే వదిలేస్తే దాహానికి తాగి రెండు గొర్రెలు పోయాయి. ఆ నీళ్ళు కాళ్ళకు మందు, కడుపుకు విషం.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మేతకూ రంగుకూ సంబంధమే లేదని నేనూ చాన్నాళ్ళు వాదించాను, అది తప్పు. రాగి బాగా తగ్గిన గొర్రెకు నల్ల ఉన్ని మధ్యమధ్య పట్టీలుగా తెల్లబడుద్ది, వంకీలు పోయి తీగలాగా సాగుద్ది. అట్లాంటి మందకు డాక్టరు చూసి ఇచ్చే రాగి పనిచేస్తది, పోయిన నలుపు తిరిగొస్తది. అంతేగానీ కొత్త రంగు పుట్టదు, బాగున్న మందకు తాగిస్తే చావే.

ధర సంగతి. షెట్లాండ్ ఉన్ని మెత్తన, మెడకు చుట్టుకునేంత మెత్తన. మన డెక్కనీది గరుకు, అందుకే గొంగడి అయింది, వానకీ చలికీ ఆగింది. రంగు మారినంత మాత్రాన గరుకు పోదు, కిలో వేలకు ఎవడూ కొనడు. మన తాతలు రంగు చూడలేదా, చూశారు, నల్ల పొట్టేలునే ఏరి మందలో నిలిపారు కాబట్టే అద్దకం లేకుండా నల్ల గొంగడి నేశాం. ఇప్పుడు మాంసం కోసమని ఉన్నే లేని నెల్లూరు పొట్టేళ్ళను కడుతున్నాం, రెండు మూడు తరాలకు కత్తిరించడానికే ఏమీ మిగలదు. రంగుల మీద ప్రేముంటే ముందు మంచి నల్ల డెక్కనీ పొట్టేలును అమ్మకుండా ఆపండి.

ఎవరైనా ఇప్పటికే ఆ నీళ్ళు తాగించి ఉంటే తొట్టి ఒంపేయండి, మందను దూరం తోలకండి, ఈ నెల ఉన్ని కత్తిరించకండి, ఇవాళే పశువుల డాక్టరుకు ఫోన్ చేసి ఎన్ని రోజులు తాగించారో దాచకుండా చెప్పండి.